పాత డీజిల్ బండి కొంటున్నారా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడండి



ప్రకృతి వ్యవసాయంలో పండించడం సగం పనే. పండినదాన్ని మన ధరకు మనమే అమ్ముకోవడం మిగతా సగం. దానికి బండి కావాలి. ప్రతిసారీ కిరాయి బండి పెడితే మిగిలేదంతా కిరాయికే పోతుంది. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. అందుకే చాలామందిమి పాత టాటా ఏస్, బొలెరో పికప్, 407 లాంటి వాటి వైపు చూస్తాం. మా ఊళ్ళో ఐదుగురు రైతులం కలిసి కూరగాయలు, బియ్యం, బెల్లం పట్నం తీసుకెళ్ళడానికి పాత బండి కోసం తిరిగాం. నేను, మాకు నమ్మకమైన ఒక మెకానిక్ కలిసి చేసిన పరీక్షలే ఇక్కడ రాస్తున్నాను. పొగ రంగు, ఇంజిన్ శబ్దం రాతలో కంటే వీడియోలో బాగా అర్థమవుతాయి కాబట్టి అది కూడా చూడండి.

రంగు, టైర్లు, తొట్టి చూసి బండికి ధర కట్టకండి. అవి ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. ఇంజిన్ బోరు పనికి వస్తే మాత్రం ఒక పంట డబ్బు అందులోనే పోతుంది. పైగా బండి దారిలో ఆగిపోతే ఆకుకూర ఆగదు, వాడిపోతుంది. వారం వారం మన కోసం చూసే కొనుగోలుదారుడు రెండుసార్లు నిరాశపడితే మూడోసారి రాడు. నేల ఎలా ఉందో పైన చూసి చెప్పం కదా, పార వేసి తవ్వి చూస్తాం. ఇంజిన్‌ను కూడా అలాగే చూడాలి.

చల్లటి ఇంజిన్ ఎందుకు?

డీజిల్ ఇంజిన్‌లో పెట్రోల్ బండిలో లాగా స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి వేడెక్కుతుంది. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. రింగులు, బోరు అరిగినా, వాల్వులు సరిగ్గా మూసుకోకపోయినా గాలి పక్కకు జారిపోయి చాలినంత వేడి పుట్టదు. ఇంజిన్ ఒకసారి వేడెక్కాక ఈ లోపం కనపడదు, అరిగిన ఇంజిన్ కూడా సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్ అవుతుంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ అయ్యేటప్పుడు మాత్రం ఏదీ దాచుకోలేదు.

కాబట్టి ముందురోజే అమ్మేవారికి చెప్పండి: "అన్నా, పొద్దున్న ఆరింటికి వస్తాం, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు." వెళ్ళగానే బానెట్ ఎత్తించి ఇంజిన్ మీద, రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉన్నా ముందే స్టార్ట్ చేశారన్నమాట. మేం చూసిన మొదటి బండి అలాగే ఉంది. గొడవ పడలేదు, "రేపు పొద్దున్నే మళ్ళీ వస్తాం" అన్నాం. మర్నాడు ఫోన్ చేస్తే బండి అమ్ముడుపోయిందన్నారు. అది నిజమో కాదో గానీ, మా డబ్బు మా జేబులోనే ఉంది.

స్టార్ట్ చేయకముందు

ఆయిల్ గేజ్ పుల్ల తీసి చూడండి. డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా ఉండటం మామూలే, దానికి భయపడక్కర్లేదు. పాల కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. డీజిల్ వాసన వచ్చినా, ఆయిల్ పై గీత దాటి ఉన్నా ఆయిల్‌లోకి డీజిల్ దిగుతోందేమో అనుమానించాలి. బొట్టు వేళ్ళ మధ్య రుద్దితే ఇనుప మెరుపు కనిపిస్తే లోపల ఏదో అరుగుతోంది.

తర్వాత రేడియేటర్ మూత తీయండి. ఇది చల్లగా ఉన్నప్పుడే, వేడి మీద ఎప్పుడూ తీయకండి, మరిగే నీళ్ళు మొహం మీదకు చిమ్ముతాయి. లోపల నూనె తెట్టు ఉండకూడదు. తుప్పు నీళ్ళు ఉంటే కూలెంట్ పోయకుండా ఏళ్ళ తరబడి నడిపారని అర్థం.

మొదటి రెండు నిమిషాలు

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ వేయండి. తువ్వాలు, చీర కొంగు ఫ్యాన్ దగ్గరకు పోనివ్వకండి. హీటర్ ప్లగ్ ఉన్న బండి అయితే డాష్‌బోర్డు మీద దాని లైటు ఆరాక సెల్ఫ్ కొట్టాలి. ఒకరు సీట్లో కూర్చోండి, ఒకరు సైలెన్సర్ వెనక నిలబడండి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర స్ప్రే కొట్టో, పెట్రోల్ గుడ్డ పెట్టో స్టార్ట్ చేయబోతే అక్కడే ఆపండి.

పొగను ఇలా చదవండి:

తెల్ల పొగ: చల్లటి ఇంజిన్ మొదట కాస్త వదిలితే ఫర్వాలేదు. కళ్ళు మండే డీజిల్ వాసనతో చాలాసేపు వస్తూ ఉంటే డీజిల్ సరిగ్గా మండటం లేదు. కారణం కంప్రెషన్ కావచ్చు, నాజిల్ కావచ్చు. వేడెక్కాక కూడా ఆవిరిలా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ చూపించాలి.

నీలి పొగ: ఆయిల్ మండుతోంది. రింగులు గానీ, వాల్వ్ సీళ్ళు గానీ, టర్బో ఉన్న బండి అయితే టర్బో గానీ పోయి ఉండొచ్చు.

నల్ల పొగ: డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం దగ్గర నుంచి నాజిళ్ళు, పంపు దాకా కారణాలు ఉంటాయి. చాలాసార్లు ఇది చిన్న ఖర్చుతోనే పోతుంది.

శబ్దం కూడా వినండి. చల్లగా ఉన్నప్పుడు డీజిల్ ఇంజిన్ టకటకమనడం సహజం. ఆ టకటకలు ఒకే వరుసలో రావాలి. మధ్యలో ఒకటి తప్పుతుంటే మిస్సింగ్ ఉన్నట్టు. అడుగు నుంచి "ధడ్ ధడ్" అని బరువైన శబ్దం వస్తూ, యాక్సిలరేటర్ తొక్కితే పెరుగుతుంటే క్రాంక్ బేరింగులు అరిగి ఉండొచ్చు. అలాంటి బండి వదిలేయండి.

ఆయిల్ మూత పరీక్ష

ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి అక్కడే ఊరికే పెట్టండి. కొద్దిగా కదలడం మామూలే. మూత ఎగిరి పడిపోతున్నా, అక్కడి నుంచి పొగ బుసలు కొడుతున్నా మండిన గాలి రింగుల పక్క నుంచి కిందికి దిగుతోందన్నమాట. మన మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అనేది దీన్నే. మేం చూసిన రెండో బండికి కొత్త రంగు వేశారు, సీటు కవర్లు కూడా కొత్తవే. మూత పెట్టగానే ఎగిరి కింద పడింది. మా మెకానిక్ ఒక్క మాటే అన్నాడు: "ఇది బోరు పనికి వచ్చింది, పోదాం పదండి."

బరువు వేసి నడపండి

ఖాళీ బండి బాగానే లాగుతుంది. మీరు రోజూ వేసే బరువే వేసి, ఎత్తు రోడ్డు గానీ ఫ్లైఓవర్ గానీ ఎక్కించండి. పికప్ ఎలా ఉంది, టెంపరేచర్ ముల్లు పైకి పోతోందా చూడండి. అరగంట నడిపాక ఆపకుండా ఆయిల్ లైటు గమనించండి. వేడి మీద, నెమ్మది వేగంలో ఆ లైటు మినుకుమినుకుమంటే ఆయిల్ ప్రెషర్ తక్కువ ఉన్నట్టు, అది పెద్ద ఖర్చుకు గుర్తు. తర్వాత ఇంజిన్ ఆపి వెంటనే స్టార్ట్ చేయండి. చల్లగా బాగా స్టార్ట్ అయి, వేడి మీద మొరాయిస్తే డీజిల్ పంపు అరిగి ఉండే అవకాశం ఉంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. పాత మెకానికల్ పంపు ఇంజిన్లలో ఏ సిలిండర్ పని చేయడం లేదో తెలుసుకోవడానికి మెకానిక్‌లు నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటి వదులు చేసి చూస్తారు. అది అనుభవం ఉన్నవాళ్ళ పని. కామన్ రైల్ ఇంజిన్‌లో ఎవరూ అలా చేయకూడదు. అక్కడ డీజిల్ ఒత్తిడి చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత ఉంటుంది.

కొనాలా, వదలాలా?

బ్యాటరీ, గొట్టాలు, ఫిల్టర్లు, నాజిల్ సర్వీసు లాంటివి బేరానికి పనికొస్తాయి. బ్యాక్ కంప్రెషన్‌తో పాటు నీలి పొగ, ఆయిల్‌లో నీళ్ళు, తక్కువ ఆయిల్ ప్రెషర్, వీటిలో ఏది కనపడ్డా వదిలేయడం మంచిది. అయినా కొనాలనుకుంటే ఇంజిన్ పని ఖర్చు ముందే మెకానిక్‌తో రాయించుకుని, బండి ధరకు కలిపి చూడండి. కిలోమీటర్ల మీటరును మాత్రం నమ్ముకోకండి.

కాగితాల సంగతి. ఆర్సీలో ఉన్న ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిచూడండి. ఎఫ్‌సీ, ఇన్సూరెన్స్, పర్మిట్, ట్యాక్స్ అన్నీ చూడాలి. ఎనిమిదేళ్ళు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ చేయించాలని గుర్తుంచుకోండి. ఫైనాన్స్ ఉంటే తీరినట్టు ఫారం 35, పేరు మార్పిడికి ఫారం 29, 30 సంతకాలతో తీసుకున్నాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

చివరికి మేం తీసుకున్నది రంగు వెలిసిన పికప్. చల్లగా రెండో సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది, తెల్ల పొగ అర నిమిషంలో పోయింది, ఆయిల్ మూత కదిలిందే గానీ పడలేదు. బరువు మీద కొంచెం నల్ల పొగ వస్తే నాజిళ్ళ సర్వీసు ఖర్చు ధరలో తగ్గించమన్నాం, తగ్గించారు. ఇప్పుడు ఐదు ఇళ్ళ పంట దాని మీదే పట్నం వెళ్తోంది.

మీ దగ్గర నమ్మకమైన మెకానిక్ ఉంటే ఒకరోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్ళండి. పొద్దున్నే లేచి చల్లటి ఇంజిన్ దగ్గరకు వెళ్ళండి. బండి కొనే ముందు పెట్టే ఖర్చుల్లో ఈ కూలి కంటే లాభమైనది ఇంకోటి లేదు.