కనిపించని దెబ్బలు

ఒక గీత కార్మికుడు తాడిచెట్టు మీద నుంచి పడ్డాడు. మోకు జారింది. తలకు దెబ్బ తగిలింది. తెలివి తప్పింది. 108 బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టర్లు ముందు ఏం చూశారు? ఊపిరి ఆడుతోందా? రక్తం పోతోందా? ఇవి చూశారు. అదే సరైన పద్ధతి. ముందు ప్రాణం నిలబడాలి కదా! తలకు స్కానింగ్ తీశారు. ఐసియులో పెట్టారు. ప్రాణాపాయంలో ఉన్నవారిని రాత్రింబగళ్లు కనిపెట్టి చూసే గది అది. గొంతులోకి గొట్టం వేశారు. వెంటిలేటర్ అనే మిషను ఊపిరి అందిస్తోంది. మత్తుమందు కూడా ఇచ్చారు.

మర్నాడు భార్యను లోపలికి రానిచ్చారు. ఆమె భర్త చెయ్యి పట్టుకుంది.

"సిస్టరమ్మా, ఈ చెయ్యి చూడండి. మణికట్టు కాడ వాచింది. ఆ చెయ్యి ఇట్లా లేదు" అంది.

నర్సు డాక్టరును పిలిచింది. ఎక్స్‌రే తీశారు. మణికట్టులో ఎముక విరిగి ఉంది!

మరి నిన్న ఎందుకు తెలియలేదు? కాలు బెణికితే మనం "అబ్బా" అంటాం. ఆ చోటు చూపిస్తాం. నొప్పే డాక్టరుకు దారి చూపుతుంది. మత్తులో ఉన్న మనిషి నొప్పి అని చెప్పలేడు. అందరి చూపూ తల మీదే ఉంటుంది. పెద్ద దెబ్బ చాటున చిన్న దెబ్బ దాగిపోతుంది.

చిన్న దెబ్బ అనడానికీ లేదు. చెట్టెక్కి బతికేవాడికి మణికట్టు చిన్నదా? అక్కడ బొటనవేలి వైపు ఒక చిన్న ఎముక ఉంది. అది విరిగినా మొదటి ఎక్స్‌రేలో ఒక్కోసారి కనబడదు. అనుమానం ఉంటే పది, పద్నాలుగు రోజులకు మళ్లీ తీస్తారు. అది అతుక్కోకపోతే నొప్పి పోదు. చేతికి పట్టు ఉండదు.

అందుకే మూడో పరీక్ష ఒకటి ఉంది. మొదటి పరీక్ష ప్రాణం కోసం. రెండోది ఒళ్లంతా చూడడానికి. మూడోది ఒక రోజు గడిచేలోగా. తల నుంచి కాలి వేళ్ల దాకా మళ్లీ తడిమి చూస్తారు. తీసిన ఎక్స్‌రేలన్నీ మళ్లీ చూస్తారు. 1990లో అమెరికాలోని టెన్నెసీ డాక్టర్లు దీని గురించి రాశారు. ఇలా మళ్లీ చూస్తే, నూటికి సుమారు తొమ్మిది మందిలో మొదట దొరకని దెబ్బ దొరికింది. మనిషికి తెలివి వచ్చాక, లేచి నడిచాక ఇంకోసారి చూడడం మంచిది. అప్పుడు తానే చెబుతాడు, ఎక్కడ నొప్పో.

ఇంట్లోవాళ్ల మాట కూడా అక్కరకు వస్తుంది. వాపు, కములు కనిపిస్తే నర్సుకు చెప్పాలి. పిసకకూడదు, తైలం రాయకూడదు. ఎలా పడ్డాడో చూసినవారు ఉంటే వారే డాక్టరుతో మాట్లాడాలి. కాళ్ల మీద పడితే మడమలు విరుగుతాయి. ఆ అదురుకే నడుం దగ్గర వెన్నుపూస కూడా విరగవచ్చు. మడమ విరిగిందంటే డాక్టర్లు వెన్ను కూడా చూస్తారు. ఎంత ఎత్తు నుంచి పడ్డాడు? కాళ్ల మీదా, వీపు మీదా? కింద బండ ఉందా, దుక్కి నేలా? అడగకముందే ఇవి చెప్పవచ్చు.