ఫోనుకూ ఒక మినిమం బ్యాలెన్స్



స్కాలర్‌షిప్ దరఖాస్తులు సరిచూసే రోజుల్లో తిరువళ్ళూరు నుండి, తిరుత్తణి నుండి వచ్చే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది: "సార్, తక్కువలో ఏ ఫోను కొనిస్తే పిల్ల చదువుకు సరిపోతుంది?" నేను కామర్స్ చదివినవాణ్ణి, ఇంజనీరును కాను. అయినా 2020లో ఒకసారి చేయి కాల్చుకున్నాను గనుక తెలిసినంత చెబుతాను.

ఆ ఏడు బడులు మూతపడి ఆన్‌లైన్ తరగతులు మొదలైనప్పుడు మనవరాలికి ఒక కొట్లో ఫోను కొన్నాను. 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజి. "ఆండ్రాయిడ్‌కు ఇది చాలు సార్" అన్నాడు కొట్టతను. అతను అబద్ధమాడలేదు. ఫోను పనిచేసింది. కానీ పాఠం వింటూ నోట్సు తెరిస్తే పాఠం ఆగిపోయేది. నెల తిరగకముందే స్థలం లేదని గోల. జవాబు పత్రాల ఫోటోలు పంపవలసిన రోజున ఒక్క ఫోటో కూడా నిలవలేదు. ఆ పిల్ల ఏడుపు నాకింకా గుర్తుంది.

బ్యాంకులో మినిమం బ్యాలెన్స్ ఖాతా బతికుండడానికే, ఖర్చు పెట్టుకోవడానికి కాదు. ఫోను సిస్టముకు చెప్పే కనీస అర్హత కూడా అంతే. ర్యామ్ అంటే గుమాస్తా ముందున్న బల్ల, స్టోరేజి అంటే రికార్డు గది. బల్ల చిన్నదైతే ఒక లెడ్జరు మూస్తేగాని ఇంకొకటి తెరవలేము.

ఈ కనీసం ఏటేటా పెరుగుతూ వచ్చింది. 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోనులో ర్యామ్ 192 ఎంబీ. 2013 నాటి కిట్‌క్యాట్‌ను 512 ఎంబీలో నడిచేలా తయారుచేశారు. 1 జీబీ, అంతకు తక్కువ ఫోన్ల కోసం 2017 డిసెంబరులో 'గో' అనే తేలికపాటి రకం వచ్చింది. 2022 నాటి ఆండ్రాయిడ్ 13కి వచ్చేసరికి ఆ 'గో' రకానికే కనీసం 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజి కావలసివచ్చింది. అది మినిమం బ్యాలెన్సే సుమా! కాలేజీ చదువుకైతే 4 జీబీ, 64 జీబీకి తగ్గవద్దని నా అభిప్రాయం.

పెట్టె మీద "4+4" అని ఉంటే 8 అని మురిసిపోకండి. రెండో 4 స్టోరేజి నుండి తెచ్చిన అప్పు, ఓవర్‌డ్రాఫ్టు లాంటిది. అసలు ర్యామ్ అంత వేగం దానికి ఉండదు.

ఖరీదైన ఫోనైతే చాలనుకోవడమూ పొరపాటే. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి! ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ వచ్చాకే ఆ జబ్బు కుదిరింది. అందువల్ల ఎన్నేళ్ళు అప్‌డేట్లు వస్తాయో అడిగి కొనండి. సెకండ్‌హ్యాండ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' తెరిచి వెర్షన్, చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ మీ కళ్ళతో చూడండి. 2023 అక్టోబరులో వాట్సాప్ 5.0 కన్నా పాత ఆండ్రాయిడ్‌లను వదిలేసింది. అటువంటి ఫోను చవకగా దొరికినా చదువుకు అక్కరకు రాదు.

నేను కొన్న ఆ ఫోనులో ఇప్పుడు మా ఇంటావిడ సుప్రభాతం వింటోంది. ఆ పనికి 1 జీబీ చాలు.