పంట ఉత్పత్తుల నుంచి మల్చింగ్ షీట్లు: పుట్టుక వేరు, విచ్ఛిన్నం వేరు

మిరప, టమాట, పుచ్చ సాగులో పాలిథీన్ మల్చింగ్ షీటు కలుపును అణచి, నేలలో తేమను నిలుపుతుంది. అయితే 25–30 మైక్రాన్ల షీటు పంటకాలం ముగిసేసరికి పెళుసుబారి, తీసేటప్పుడు చినుగుతుంది. నేలలో మిగిలిన ముక్కలు నీటి కదలికకు, వేర్ల పెరుగుదలకు ఆటంకమవుతాయి. అందుకే పంటల నుంచి తయారయ్యే షీట్లపై ఆసక్తి పెరుగుతున్నది. వీటిని సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు ఒక మౌలిక భేదాన్ని గుర్తించాలి.

తయారీ విధానాలు: మొక్కజొన్న లేదా కర్రపెండలం పిండికి గ్లిసరాల్, నీరు చేర్చి వేడి, ఒత్తిడికి గురిచేస్తే థర్మోప్లాస్టిక్ స్టార్చ్ లభిస్తుంది. ఇది తేమను పీల్చి మెత్తబడుతుంది కనుక పీబీఏటీ అనే పాలియెస్టర్‌తో కలిపి షీటుగా మలుస్తారు. మరో విధానంలో పిండిని గ్లూకోజుగా మార్చి, బాక్టీరియాతో పులియబెట్టి లాక్టిక్ ఆమ్లాన్ని, దాని నుంచి పాలీలాక్టిక్ ఆమ్లాన్ని (పీఎల్ఏ) తయారుచేస్తారు.

మూలం, విచ్ఛిన్నం: పంట నుంచి పుట్టినదంతా నేలలో కలిసిపోదు. చెరకు ఇథనాల్‌తో తయారైన పాలిథీన్ రసాయనికంగా సాధారణ పాలిథీనే. అది విచ్ఛిన్నం కాదు. పీబీఏటీ ప్రధానంగా పెట్రోలియం నుంచి వచ్చినా సూక్ష్మజీవులు దానిని విచ్ఛిన్నం చేయగలవు. పీఎల్ఏ వేగంగా విచ్ఛిన్నం కావడానికి సుమారు 58 డిగ్రీల సెల్సియస్ వేడి, తగిన తేమ కలిసి నిలకడగా ఉండాలి. పారిశ్రామిక కంపోస్టులో ఇవి లభిస్తాయి. దున్నిన నేల లోతులో లభించవు. ఆక్సో రకం షీట్లు కేవలం ముక్కలవుతాయి. ఐరోపా సమాఖ్య 2019 ఆదేశంతో ఆక్సో ప్లాస్టిక్ ఉత్పత్తులను నిషేధించింది.

ప్రమాణాలు: భారతీయ ప్రమాణం ఐఎస్ 17088 కంపోస్టు పరిస్థితులకు సంబంధించినది, నేలలో విచ్ఛిన్నానికి అది హామీ కాదు. మల్చింగ్ షీట్లకు ఉద్దేశించిన ఐరోపా ప్రమాణం ఈఎన్ 17033 (2018) ప్రకారం, నేలలో 24 నెలల్లోపు 90 శాతం కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి.

క్షేత్ర పరిశీలన: తూచిన షీటు ముక్కలను నైలాన్ వల సంచులలో ఉంచి, దుక్కి లోతులో పాతి, నిర్ణీత వ్యవధుల్లో తీసి తూచవచ్చు. అయితే బరువు తగ్గుదల ముక్కలు జారిపోవడం వల్ల కూడా కావచ్చు. కనుక ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడ్ విడుదలను కొలిచిన తరువాతే విచ్ఛిన్నాన్ని నిర్ధారించాలి.

షీటు ధరను, తొలగింపు కూలి ఆదాను రైతుకు వివరించడం అవసరమే. అంతకు ముందు అది ఏ ప్రమాణం ప్రకారం, ఏ పరిస్థితుల్లో పరీక్షింపబడిందో తెలుసుకోవాలి. ధృవపత్రం లేని షీటును దుక్కిలో కలపమని సూచించరాదు. నేలలో కలిసిన ముక్కలను తిరిగి ఏరడం దాదాపు అసాధ్యం.