బైసెప్స్‌కు మూడో శిరస్సు

బైసెప్స్‌కు రెండు శిరస్సులని పాఠ్యపుస్తకం చెబుతుంది. పొట్టిది కోరకాయిడ్ ప్రవర్ధం నుంచి, పొడవుది స్కాపులాలోని సుప్రాగ్లినాయిడ్ ట్యూబర్‌కిల్ నుంచి మొదలవుతాయి; రెండూ కలిసి రేడియస్‌కు అతుక్కుంటాయి. పరీక్షలో గుర్తించాల్సిన జవాబు ఇదే. కానీ దీన్ని మినహాయింపు లేని నియమమనుకోవడం పొరపాటు. సుమారు 10 శాతం మందిలో మూడో శిరస్సు కనిపిస్తుంది. ఎక్కువగా అది హ్యూమరస్ నుంచే పుడుతుంది. జనసమూహాన్ని బట్టి ఈ శాతం మారుతుంది కాబట్టి అంకెను బట్టీపట్టి లాభం లేదు.

మూడో శిరస్సు ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా ఉండదు, మరి వైద్యుడికి దీనితో పనేమిటని అడగవచ్చు. ఆ మాట నిజమే, అయితే చిక్కు బాధ లేనప్పుడు కూడా రావచ్చు. ఎంఆర్ఐలో ఈ అదనపు కండరం చీలికలాగానో గడ్డలాగానో భ్రమపెట్టగలదు. హ్యూమరస్ విరిగితే ముక్కలను అనుకోని దిక్కుకు లాగవచ్చు. కొందరిలో మీడియన్ నాడినీ బ్రేకియల్ ధమనినీ నొక్కుతుంది. అప్పుడు చేతివేళ్ల తిమ్మిరికి కారణం మణికట్టులోనే ఉందనుకుని అక్కడే వెతికితే అసలు చోటు తప్పిపోతుంది. మోచేతి పైన స్ట్రూథర్స్ లిగమెంట్ చేసే ఒత్తిడీ ఇలాంటిదే, అది మరింత అరుదు. పరీక్ష ప్రశ్నలో ‘సాధారణంగా’, ‘ఎల్లప్పుడూ’ అనే మాటల తేడా చూడమనేది ఇందుకే.