వేరుశెనగకు ముందు బోరు నీళ్ల పరీక్ష

తొలకరి పడితే పావగడ తాలూకాలో అందరి చూపూ శెనక్కాయ విత్తనం మీదే. ఈసారి విత్తనం కంటే ముందు బోరు నీళ్ల సంగతి చూద్దాం.

మన నేల అడుగున ఉన్నది గ్రానైటు. రాతి సందుల్లో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఇక్కడ ఆ హద్దు దాటిన బోర్లు చాలానే ఉన్నాయి. పిల్లల పళ్ల మీద గోధుమరంగు గారలు దాని గుర్తే. నీళ్లు కాచి తాగితే సరిపోతుందని కొందరి నమ్మకం. కాచినకొద్దీ ఆవిరయ్యేది నీరే. ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండి మరింత చిక్కబడుతుంది. పటిక, సున్నంతో తీసే నల్గొండ పద్ధతి ఉంది గానీ, మోతాదు పరీక్షను బట్టి వేయాలి, ఉజ్జాయింపుగా కాదు.

రాయి చేసిన దానికి మనం బాధ్యులం కాదు. నైట్రేటు మాత్రం మన చేతి పనే. వర్షాధార వేరుశెనగకు ఎకరాకు నత్రజని సుమారు 10 కిలోలు చాలు. 50 కిలోల డీఏపీ బస్తా ఒక్కటి వేస్తేనే 9 కిలోలు అందుతుంది. ఆపైన వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. అయినా పైరు పచ్చగా కనబడాలని యూరియా చల్లుతారు, నాకైతే అది దండగ ఖర్చే. పైరు తీసుకోనిది నైట్రేటుగా మారి వానతో కిందికి దిగి బోరులో కలుస్తుంది. దానికి రంగు, రుచి, వాసన ఉండవు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటిన నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే పసిబిడ్డ ఒళ్లు నీలం తిరిగే ప్రమాదం ఉంది.

పేడ దిబ్బ బోరుకు ఎగువన ఉంటే ఇప్పుడే దిగువకు మార్చండి. ఇంకుడు గుంతలోకి కొట్టం కడిగిన నీళ్లు, ఆర్‌ఓ ప్లాంటు వదిలే నీళ్లు పోనివ్వొద్దు. ఆ వదిలే నీటిలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ. మందు కొట్టిన ట్యాంకు కుంటలో కడగొద్దు. కడిగిన నీళ్లు అదే చేలో చల్లేయండి.

పరీక్షకు నీళ్లు పట్టేటప్పుడు మోటారు పది నిమిషాలు ఆడనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు కడిగి నింపండి. ఊరు, బోరు లోతు, తేదీ రాసి అంటించండి. ఎక్కడ ఇవ్వాలో పంచాయతీలో గానీ, హోబళి రైత సంపర్క కేంద్రంలో గానీ అడగండి. ఫ్లోరైడ్ 1.5 దాటిందని తేలితే ఆ బోరును చేనుకే వాడి, ఇంట్లో తాగడానికీ వంటకూ వడబోసి పట్టిన వాన నీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో వాడండి.