పరిశోధనా వ్యాసమును రైతు చదువవలసిన తీరు

ముస్తాబాద్ ప్రాంతపు రైతు సోదరులకు విత్తనములను గూర్చియు, మందులను గూర్చియు కరపత్రములు, పుస్తకములు కొల్లలుగా అందుచున్నవి. అచ్చులో ఉన్నది కదా యని నమ్మి ఐదెకరములకు విత్తనము కొనుట నష్టము. పొలమెరుగనివారి వ్రాతలని అన్నిటిని త్రోసివేయుటయు నష్టమే. వ్యాసమును ప్రశ్నించి చదువవలెను.

మొదటి ప్రశ్న: పరీక్ష ఎక్కడ జరిగినది? వరిలో ఉల్లికోడును తీసికొందము. "ఈ రకము ఉల్లికోడును తట్టుకొనును" అని వ్యాసములో ఉండవచ్చును. కాని ఉల్లికోడు అంతటను ఒకటి కాదు. మనకు దగ్గరనున్న జగిత్యాలలో బయోటైపు 3 ను, శ్రీకాకుళములో బయోటైపు 4 ను శాస్త్రజ్ఞులు గుర్తించిరి. కంటికి పురుగు ఒకటే. కాని ఒకదానిని తట్టుకొను రకము మరియొకదానికి లొంగిపోవచ్చును. శ్రీకాకుళపు ఫలితమును మాత్రమే చూచి ఇచ్చట నాటినచో, పిలకలు కంకి వేయక ఉల్లికాడల వంటి గొట్టములుగా మారవచ్చును. అట్లయినను వ్యాసము అబద్ధమని అనరాదు. అది మన పురుగును గూర్చి చెప్పలేదు, అంతే. జగిత్యాల చెంత పొలాస పరిశోధనా స్థానమున రూపొందిన జగిత్యాల సన్నాలు (జె.జి.ఎల్. 1798) వంటి రకములకు ఇచ్చటి రైతులలో గల విలువకు ఇదియే కారణము.

ఇక దిగుబడి అంకెలు. హెక్టారుకు ఇన్ని కిలోలని వ్రాయుదురు గాని, కోసి తూచినది చిన్న మడి. మడి 20 చదరపు మీటర్లు అనుకొనుడు. తూకములో అర కిలో తేడా వచ్చినచో హెక్టారుకు 250 కిలోలు, అనగా ఎకరమునకు సుమారు ఒక క్వింటాలు తేడాగా పట్టికలో కనబడును! పైగా ఒక మడి పల్లములో, మరియొకటి గట్టు మీద ఉండవచ్చును. అందువలననే ఇంగ్లండులోని రొథామ్‌స్టెడ్ క్షేత్రమునందు పని చేసిన ఫిషర్, ప్రతి రకమును పలుమార్లు, చీట్లు తీసినట్లు వచ్చిన చోటులలో వేయవలెనని బోధించెను. ఆయన పరీక్షా విధానములపై వ్రాసిన గ్రంథము 1935లో వెలువడెను.

పట్టిక అడుగున "సి.డి." అను అంకె ఉండును. చాలమంది దానిని చూడనే చూడరు. ఒక రకము 6200, మరియొకటి 5900 కిలోలు పండి, సి.డి. 450 అనుకొందము. తేడా 300 మాత్రమే. కనుక మొదటిది మేలైనదని ఆ పరీక్ష రుజువు చేయలేదు. ఆ అంకెయే లేని పత్రమును, "20 శాతము అధిక దిగుబడి" అని చెప్పి దేనికన్న అధికమో చెప్పని పత్రమును పక్కనబెట్టుటయే మేలు.

పుస్తకము అచ్చయిన సంవత్సరమును గూడ చూడుడు. పాత పుస్తకములలో ఎండోసల్ఫాన్ సిఫారసు కనబడును. 2011లో సుప్రీంకోర్టు దానిని నిలిపివేసినది.

వ్యాసము ఈ ప్రశ్నలకు నిలిచినను, మొదటి ఏడు పది గుంటలలోనే కొత్త రకమును వేసి, పక్కనే అంతే నేలలో మీ పాత రకమును వేయుడు. నాటు తేది, ఎరువు, నీరు రెండింటికి సమానముగా ఉండవలెను. కళ్లములో ధాన్యమును కలుపక, రెండును ఒకే తీరుగా ఆరిన పిమ్మట వేరువేరుగా తూచి వ్రాసికొనుడు.