తొలి నవల వచ్చింది, ఫోన్ మోగదేం?

నవల ఎలా రాయాలో చెప్పేవాళ్లు ఇప్పుడు బోలెడుమంది. వర్క్‌షాపులున్నాయి, యూట్యూబ్ పాఠాలున్నాయి. అచ్చయిన మర్నాటి నుంచి ఏం చేయాలో చెప్పేవాళ్లే కరువు. రచనను వృత్తిగానో, ఉద్యోగానికి తోడుగానో పెట్టుకోవాలనుకునే విద్యార్థులు ఆ తొలి వారాలు ఎలా గడుస్తాయో ముందే తెలుసుకుంటే సగం దిగులు తప్పుతుంది.

మొదటి వారం సందడే సందడి. హైదరాబాదైతే సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో, కాకపోతే మీ ఊరి గ్రంథాలయంలోనో ఆవిష్కరణ సభ. శాలువాలు, ఫొటోలు. పుస్తకం చదవని వక్తే అందరికంటే ఎక్కువసేపు మాట్లాడతాడు. నొచ్చుకోకండి, మన సభల ఆచారం అది. హాలు బయట బల్ల మీద పెట్టిన కాపీలు కొన్ని పోతాయి. రాత్రికి ఫేస్‌బుక్ నిండా అభినందనలు. రెండో వారానికి అవి పలచబడతాయి. మూడో వారం నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. కొన్నవాళ్లలో చాలామంది ఇంకా అట్ట తెరవలేదు. తెరిచినవాళ్లు నలభయ్యో పేజీ దగ్గర ఆగారు. పూర్తిచేసిన ఒకరిద్దరికి మీకు ఫోన్ చేయాలని తట్టదు. బాబాయి మాత్రం తప్పకుండా చేస్తాడు: "ఏరా, పుస్తకం వేశావటగా, ఎంతొచ్చిందేంటి?"

ఒకప్పటి తెలుగు నవలాకారుల్లో చాలామందికి ఈ మౌనం తెలియదు. నవల ముందు పత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆ తర్వాతే పుస్తకమయ్యేది. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', వడ్డెర చండీదాస్ 'హిమజ్వాల', యండమూరి 'తులసిదళం' అలా వచ్చినవే. పుస్తకం చేతికి వచ్చేనాటికే పాఠకులు తయారుగా ఉండేవారు. ఉత్తరాల జోరును బట్టి ఎన్ని కాపీలు వేయాలో పబ్లిషరుకూ ఒక అంచనా దొరికేది. వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాక ఆ మెట్టు విరిగిపోయింది. ఇప్పుడు తొలి నవల ఎవరికీ తెలియకుండా నేరుగా పుస్తకమై వస్తుంది. అందుకని మూడో వారం మౌనాన్ని మీ రాతకు తీర్పుగా తీసుకోకండి.

బాబాయి ప్రశ్నకు జవాబు మాత్రం మీ దగ్గర ఉండాలి. వెల రూ.200 అనుకుందాం. పబ్లిషరు వేస్తే రాయల్టీ సాధారణంగా 10 శాతం, అంటే కాపీకి రూ.20. అయిదొందల కాపీలు అమ్ముడైతే మీకొచ్చేది రూ.10 వేలు. అదీ లెక్కలు తేలాక. సొంతంగా వేసుకున్నారనుకోండి. ముద్రణకు కాపీకి రూ.80 పడిందనుకుంటే, అమ్మిపెట్టేవాళ్లకు 40 శాతం కమీషన్ కింద ఇంకో రూ.80 పోతుంది. మిగిలిన నలభైలోనే అట్ట బొమ్మ, ప్రూఫులు, రవాణా, ఊరికే పంచిన కాపీలు అన్నీ సర్దుకోవాలి. దీనికితోడు చవగ్గా పుస్తకాలు పంపుకొనే రిజిస్టర్డ్ బుక్ పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసింది.

కాబట్టి నవల వస్తోందని ఉద్యోగం మానకండి. రావిశాస్త్రి వకీలు. బుచ్చిబాబు ఆలిండియా రేడియో ఉద్యోగి. చండీదాస్ ఫిలాసఫీ అధ్యాపకుడు. యండమూరి చార్టర్డ్ అకౌంటెంట్. నెల జీతం ఉన్నవాడే రెండో నవలను తొందరపడకుండా రాయగలడని నా నమ్మకం. పూర్తికాలం రాస్తేనే రచయిత అనేవాళ్లను అద్దె ఎవరు కడుతున్నారో అడిగి చూడండి.

ఈ వారాల్లో ఫోన్ వైపు చూస్తూ కూర్చోకుండా చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. 1954 నాటి చట్టం ప్రకారం, పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా ప్రచురణకర్త కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, మరో మూడు పెద్ద గ్రంథాలయాలకు ఒక్కొక్కటి పంపాలి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురణకర్త మీరే. ఐఎస్‌బీఎన్ తీసుకోకుండా అచ్చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. మన దేశంలో దాన్ని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. ఆ నంబరు లేకపోతే ఆన్‌లైన్ అమ్మకాల్లో, గ్రంథాలయాల కొనుగోళ్లలో ఇబ్బంది పడేది మీరే. పత్రికలకు సమీక్ష కోసం రెండేసి ప్రతులు పంపే ఆనవాయితీ ఉంది. పంపండి. అయితే 'అందిన పుస్తకాలు' జాబితాలో పేరు రావడానికే నెలలు పట్టొచ్చు. 'ఈమాట' లాంటి వెబ్ పత్రికలనూ మరిచిపోవద్దు. మీకు 35 ఏళ్లు దాటకపోతే కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం సంగతి కనుక్కోండి. నగదు రూ.50 వేలు. 2025లో తెలుగులో అది ప్రసాద్ సూరి నవల 'మైరావణ'కు దక్కింది.

"నాకో కాపీ ఇవ్వవూ, చదివి చెప్తా" అనే మిత్రుల విషయంలో మొహమాటం వద్దు. సమీక్షకులకు ఇవ్వండి, మిత్రుల చేత కొనిపించండి. కొన్నవాడు పెట్టిన డబ్బు కోసమైనా నాలుగు పేజీలు చదువుతాడు.

వీలైతే డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలోనో ఒక సాయంత్రం మీ పుస్తకం ఉన్న స్టాల్లో నిలబడండి. రచయితనని చెప్పుకోకండి. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి పుస్తకం తీస్తుంది. ముందు అట్ట చూస్తుంది, తిప్పి వెనకట్ట చదువుతుంది, అక్కడే వెల చూస్తుంది. నచ్చితే మొదటి పేజీ తెరిచి, నిలబడే నాలుగైదు వాక్యాలు చదువుతుంది. ఎక్కడ కింద పెట్టేసిందో గమనించండి. వెనకట్ట దగ్గరే పెట్టేసిందంటే అక్కడ మీ గురువుగారి పొగడ్తలు ఉండి ఉంటాయి, కథేమిటో ఉండదు. మొదటి పేజీ చదివి పెట్టేసిందంటే ఆ పేజీని ఇంటికెళ్లి మళ్లీ చూసుకోవాలి. ఇంకొకాయన "దేని గురించండీ ఇది?" అని అడుగుతాడు. రెండు వాక్యాల్లో చెప్పలేక నీళ్లు నమిలే రచయితలను చాలామందిని చూశాను. అది చెప్పగలిగే అభ్యర్థికి ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు కంగారుండదు.

ఇంటర్వ్యూ మాట వచ్చింది కాబట్టి రెజ్యూమె సంగతి. సబ్‌ఎడిటర్, కంటెంట్ రైటర్, అనువాదకుడు, ఓటీటీ రైటర్స్ రూమ్‌లో అసిస్టెంట్... వీటిలో దేనికి దరఖాస్తు చేసినా 'నవలా రచయిత' అని ఒక్క మాట రాసి వదిలేయకండి. ఎన్ని పదాల రాతప్రతి, ఎన్నిసార్లు తిరగరాశారు, ప్రూఫులు ఎవరు దిద్దారు, యూనికోడ్ నుంచి అను ఫాంట్లకు మార్చేటప్పుడు తలెత్తిన తప్పులను ఎలా పట్టుకున్నారు, ఎన్ని కాపీలు ఎక్కడెక్కడ అమ్మారు... ఇవి రాయండి. సంవత్సరాల తరబడి సాగే పనిని చివరిదాకా లాక్కొచ్చిన మనిషి కావాలి వాళ్లకి.

అమ్మకాలను చూసి రెండో పుస్తకం మానుకోవాలనిపిస్తే ఆర్.కె.నారాయణ్‌ను తలుచుకోండి. 1935లో ఆయన తొలి నవల 'స్వామి అండ్ ఫ్రెండ్స్' లండన్లో వచ్చింది. మంచి సమీక్షలే వచ్చాయి, కాపీలు మాత్రం కదల్లేదు. రెండో నవలకు ఒక పబ్లిషరును, మూడోదానికి ఇంకో పబ్లిషరును వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రెండోది 1937కల్లా వచ్చేసింది, మూడోది మరుసటి ఏడాది.

ఇక అసలు జాగ్రత్తగా ఉండాల్సిన ఫోన్ ఒకటుంది. నాలుగో వారంలోనో ఆరో వారంలోనో వస్తుంది. "మీ నవల చదివామండీ, సినిమాకి అదిరిపోతుంది. ముందు కథ మాకే అని ఒక్క మాటివ్వండి, అగ్రిమెంటు తర్వాత చూసుకుందాం." మాటివ్వకండి. కాపీరైటు చట్టం, 1957లోని 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేగా లెక్కేస్తారు. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అది రచయితకే తిరిగొస్తుంది. పుస్తకం, ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ దేనికదే విడి హక్కు. 'సర్వహక్కులూ' అనే మాట కనిపిస్తే అక్కడ ఆగి, లాయరుకు చూపించండి. ఫోన్లో మాత్రం మర్యాదగా "చాలా సంతోషమండీ, కాగితం పంపించండి, చూసి చెప్తాను" అంటే సరిపోతుంది. చాలామంది మళ్లీ చేయరు. చేసినవాళ్లతో అడ్వాన్సు సంగతి మాట్లాడొచ్చు.